పొట్లాల్లో పోయిన చైనా కథ

ఆ రోజుల్లో నేను చేసిన తెలివితక్కువ పనులన్నిటినీ ఒక వరుసలో నిలబెడితే, అన్నిటికంటే ఎత్తుగా, ఛాతీ విరుచుకుని నిలబడేది ఒకటుంది. కరీంనగర్‌లో ఎమ్మే తెలుగు చదువుతున్నప్పుడు, క్లాసులో పద్దెనిమిది మంది ఉంటే, చైనాను ఎంచుకున్న మొనగాణ్ణి నేనొక్కణ్ణే. ఆఖరి సెమిస్టరులో తలా ఒక ప్రాజెక్టు రాయాలి. వేరే దేశాల కథలు తెలుగులోకి వచ్చాక ఎలా ఉన్నాయో పరిశీలించాలట. మా సారు అంశాలను చీటీల మీద రాసి బల్ల మీద పరిస్తే, తెలిసిన దేశాలన్నిటినీ ముందు బెంచీల వాళ్ళు చిటికెలో ఎత్తుకుపోయారు. ‘చైనా యుద్ధకాలపు కథలు: వ్యంగ్యం, వాస్తవికత’ అన్న చీటీ మాత్రం ఎవరూ ముట్టకుండా పడి ఉంది. నేను దాన్ని చూసి, చూడనట్టు నటించి, పక్కన ఉన్న రెండు చీటీలను అటూ ఇటూ తిప్పి, అప్పుడు తీసుకున్నాను (నచ్చిన సరుకు మీద నేరుగా చెయ్యి వేస్తే ధర పెరుగుతుందని మా ఇంట్లో పాలు తాగే వయసులోనే నేర్పుతారు). నా లెక్క నాకు చాలా స్పష్టంగా ఉంది. కొనే గిరాకీకి ధర తెలియని సరుకులోనే అమ్మేవాడికి మిగులుతుంది. చైనా గురించి నాకేమీ తెలియదు. సారుకు అంతకంటే ఎక్కువ తెలిసి ఉండదు. వైవాకు బయటి నుంచి వచ్చే పెద్దమనిషికీ తెలిసే అవకాశం తక్కువ. ముగ్గురమూ తెలియనివాళ్ళమే అయినప్పుడు, గట్టిగా మాట్లాడేవాడిదే ఫస్టు క్లాసు.

పాసు కావడం నాకు ఊరికే సరదా కాదు. శ్రీరాంపూర్‌లో గని కార్మికుల క్వార్టర్లకు ఎదురుగా మాది కిరాణా దుకాణం. చదువుకు పంపేటప్పుడే బాపు బేరం తేల్చి పెట్టాడు. "రెండేండ్లు సదువుకో. పాసైతే నీ ఇష్టం, ఏ కాలేజీల పాఠం జెప్పుకుంటవో జెప్పుకో. తప్పితే మాత్రం తెల్లారి వచ్చి గద్దె మీద గూసునుడే. మళ్ళ నాకు ఇంకో ఏడాది గావాలె, గిట్ల అయింది, గట్ల అయింది అంటే ఇననే ఇన." గద్దె అంటే గల్లాపెట్టె వెనక ఉండే పరుపు. మా తాత కూర్చుని గుంట చేశాడు, బాపు కూర్చుని ఆ గుంటను లోతు చేశాడు. దాన్ని చూసినప్పుడల్లా నా కొలతలు కూడా అప్పుడే తీసి పెట్టినట్టు అనిపించేది. ప్రాజెక్టు తప్పితే మొత్తం తప్పినట్టే. అంటే నాకూ ఆ గుంటకూ మధ్య అడ్డంగా నిలబడింది ఒక్క చైనా మాత్రమే.

తీరా చూస్తే మా లైబ్రరీలో చైనా లేదు. కాగజ్‌నగర్‌లో పాత కాగితాలు కొని అమ్మే ఒక రద్దీ దుకాణంలో పుస్తకాలు గుట్టలు పడి ఉన్నాయని ఎవరో చెబితే, మంచిర్యాలలో రైలెక్కి పోయాను. అవి అక్కడ కాగితం మిల్లు మూతపడి ఉన్న ఏళ్ళు. పని పోయినవాళ్ళు ఇళ్ళు ఖాళీ చేస్తూ, మోసుకుపోలేని సామానును అమ్మేసుకుని వెళ్ళిపోతున్నారు. ఆ ఇళ్ళలోంచి మంచాలూ, కుర్చీలతోపాటు పుస్తకాలు కూడా బస్తాలకొద్దీ వచ్చి ఆ దుకాణంలో పడ్డాయి. దుకాణం చాచా తెల్ల గడ్డం, మందపాటి కళ్ళద్దాల మనిషి. నేను గుట్టలో చెయ్యి పెట్టకముందే షరతు చెప్పాడు. "రద్దీ అయితే కిలో లెక్క, బేటా. కితాబులు వేరే లెక్క. అమ్ముకపోయినోళ్ళకు గందుల సగం పంపుత అని జబాన్ ఇచ్చిన. బేరం జెయ్యకు."

బేరం చెయ్యకు అని నాతో అనడం, చేపతో తడవకు అన్నట్టే. రెండు గంటలు వెతికితే ఒక పుస్తకం దొరికింది. అట్ట లేదు, రాసినవాళ్ళ పేర్లున్న మొదటి పేజీలు లేవు, కానీ లోపల ఎనిమిది చైనా యుద్ధకాలపు కథలు, శుభ్రమైన తెలుగులో, దొడ్డు కాగితం మీద ఉన్నాయి. నా గుండె ఎంత వేగంగా కొట్టుకుందంటే, చాచాకు వినబడి ధర పెంచుతాడేమోనని భయపడ్డాను. అప్పుడే నాకు ఆ మహత్తరమైన ఆలోచన వచ్చింది. ప్లాస్టిక్ సంచులు వాడొద్దని ఆఫీసువాళ్ళు వచ్చి బెదిరించి పోయినప్పటి నుంచీ, బాపు మళ్ళీ కాగితం పొట్లాలకు దిగాడు. ఎటూ పోతున్నావు కదా, ఒక కట్ట రద్దీ కూడా పట్టుకురమ్మన్నాడు. నేను పది కిలోల పాత పేపర్లు ఏరి, ఆ పేపర్ల నడుమ, సరిగ్గా పొట్ట భాగంలో, చైనాను దాచేశాను. అనుమానం రాకుండా రద్దీ ధర దగ్గర పావుగంట గీసులాడాను కూడా. చాచా కట్టను కాంటా మీద పెట్టి, సుతిలి తాడుతో గట్టిగా బిగించి, నా మొహం వంక ఒకసారి చూసి, "సంబాళించి తీస్కపో బేటా" అన్నాడు. ఒక దేశాన్ని కిలో లెక్కన కొట్టేసిన సంతోషంలో, ఆ చూపులో ఏముందో నేను పట్టించుకోలేదు.

రైల్లో కట్టను కొంచెం సడలించి, పుస్తకం తీసి, రెండో కథ మొదలుపెట్టాను. అది ఉప్పు కథ. యుద్ధం నడుస్తోంది, పైన విమానాలు తిరుగుతున్నాయి, ఏటి దారి మూతపడి ఊళ్ళోకి ఉప్పు రావడం లేదు. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క ఉప్పు వర్తకుడు వేదిక ఎక్కి, సిపాయిల ఇళ్ళకు సగం ధరకే ఉప్పు ఇస్తానని ప్రకటిస్తాడు. జనం చప్పట్లు కొడతారు, ఊరి కమిటీ పట్టుజెండా కుట్టించి సన్మానం ఏర్పాటు చేస్తుంది. వర్తకుడు ఇంటికి పోయి, ఏటి తెల్ల ఇసుకను రెండుసార్లు కడిగి, ఆరబెట్టి, ఉప్పులో సగానికి సగం కలుపుతాడు (అతని పేరు మూడు ముక్కల్లో ఉండేది, ఏ ముక్క ముందో గుర్తులేక నేను ఉప్పు సేటు అని పెట్టుకున్నాను). నాకు కళ్ళు చెమర్చాయి. సగం ధర, సగం ఉప్పు! ఎవరికీ నష్టం లేదు, పైగా జెండా. బెల్లంపల్లి దాటకముందే నోటుబుక్కు తీసి, ‘ఈ కథానాయకుడు దేశభక్తినీ వ్యాపారధర్మాన్నీ సమానంగా తూచిన ఆదర్శమూర్తి’ అని రాసుకున్నాను. రచయిత ఆ సేటును చూసి నవ్వుతున్నాడన్న సంగతి పన్నెండు పేజీలు చదివినా నాకు తట్టలేదు. సొంత మేనమామను చూసి ఎవడో నవ్వుతున్నాడని మనకెలా తడుతుంది!

కథ ముగియకముందే మంచిర్యాల వచ్చింది. దిగాక, చేతిలో పుస్తకం ఉంటే ఆటోలో జారిపోతుందని, దాన్ని మళ్ళీ కట్ట నడుమనే పెట్టి తాడు బిగించాను. ఇంటికి చేరి, కట్టను దుకాణంలో గద్దె పక్కన దించి, తిని పడుకున్నాను. మర్నాడు పొద్దున్నే పరీక్ష ఫీజు పనిమీద కరీంనగర్ పోయి, స్నేహితుని గదిలో రెండు రోజులున్నాను. తిరిగొచ్చేసరికి దుకాణంలో వాతావరణం ఏదోలా ఉంది. బాపు పరేషాన్‌గా కనిపించాడు.

"ఏందోరా, నిన్నటి సంది అందరు కాంటా దిక్కే సూస్తుండ్రు. రెండో లైను ముసలామె ఉప్పు తీస్కపోయి, మళ్ళొచ్చి, గిండ్ల ఇసుక గిట్ల లేదు గద సేటూ అంటది. ముప్పై ఏండ్ల సంది అమ్ముతున్న, ఒక్కలు గిట్ల అడగలే."

ఇసుక అన్న మాట వినగానే నాకు ఉప్పు సేటు గుర్తొచ్చాడు. రద్దీ కట్ట వైపు చూశాను. తాడు విప్పి ఉంది. అవ్వ, అంటే మా అమ్మ, కింద కూర్చుని, ఎప్పటిలాగే కాగితాలు చించి పొట్లాలు చుడుతోంది.

"అవ్వా! గిండ్ల ఒక బుక్కుండె గదనే?"

"ఉండె. మస్తుగున్నది బిడ్డా కాగితం, దొడ్డుగ. పేపర్ల లెక్క పుట్టుక్కున పలగదు. నిన్న, మొన్న గదే నడిపిచ్చిన. ఐపోయింది."

"గది నా సదువు బుక్కే!"

"సదువు బుక్కైతే సదువుకునే కాడ పెట్టుకోవాలె. రద్దీ కట్టల పెడితే రద్దీ గాదా?"

దొంగగా దాచిన సరుకు ఎంత బాగా దాగిందంటే, సొంత ఇంటివాళ్ళకు కూడా రద్దీలాగే కనబడింది. వైవా ఇంకా తొమ్మిది రోజులుంది. ఆ రోజే రైలెక్కి మళ్ళీ కాగజ్‌నగర్ పోయి, ఇంకో కాపీ ఉందేమోనని అడిగాను. అడగాలంటే జరిగింది చెప్పాలి కదా, అదీ చెప్పాను, పుస్తకం ధర తీసి ముందు పెట్టాను. చాచా కళ్ళద్దాలు తుడుచుకుంటూ తాపీగా అన్నాడు. "నువ్వు లోపట పెట్టేటప్పుడే సూసిన బేటా. గుట్ట మీద పడి ఏడాదాయె, గా కితాబు దిక్కు ఒక్కడు సూడలే. నువ్వు సూసినవ్. సరే, దొంగతనంగనన్న సదువుతడు పొలగాడు, పోనీ అనుకున్న. సదవకుంట మీ అవ్వకిస్తవని నాకేం ఎరుక?" ధర మాత్రం పూర్తిగా తీసుకున్నాడు, సగం ఎవరికి పోవాలో ఆ పేరు కాగితం మీద రాసి పెట్టుకున్నాడు కూడా. ఇంకో కాపీ లేదన్నాడు. "పొట్లాలు ఏ ఇంటికి పోయినయో గా ఇంటికే పో. ఫికర్ జెయ్యకు, కాగితం ఉప్పు లెక్క కరిగిపోదు."

అక్కడి నుంచి మొదలైంది నా అసలు పరిశోధన. దానికి ఆధారం మా అవ్వ జ్ఞాపకం. అవ్వకు ఊళ్ళో ఎవరి పేరూ సరిగా గుర్తుండదు గాని, ఎవరు ఏ పూట ఏం కొన్నారో వారం దాకా మరిచిపోదు. పైగా ఆమె పుస్తకాన్ని మొదటి నుంచి వరుసగా చించింది. అంటే కొన్న వరుసే పేజీల వరుస. "పొద్దుగాల దుకాణం తెరువంగనే మిర్చిబజ్జీలాయన సోంపు. ఎనుక దవఖాన నర్సమ్మ మెంతులు. గటెంక ఆటో పిలగాడు పుట్నాలు..." అని అవ్వ చెబుతూ పోతే, నేను చైనా పటం గీసుకున్నట్టు రాసుకున్నాను. మొదటి కథ మొదలే బజ్జీల బండి దగ్గర నూనెలో కాలిపోయిందని తేలాక, ఎనిమిది కథల మీద ఆశ వదులుకుని, ఒక్క ఉప్పు కథను పూర్తిగా పట్టుకుంటే చాలనుకున్నాను.

క్వార్టర్ల గుమ్మాల్లో నిలబడి నేను అడిగిన ప్రశ్న ఇంతవరకు ఏ పరిశోధక విద్యార్థీ అడిగి ఉండడు. "పెద్దమ్మా, మొన్న మా దుకాణంల మెంతులు తీస్కపోయినవు గద, గా పొట్లం ఉన్నదా?" తూకంలో ఏదో తేడా వచ్చి వెనక్కి తీసుకోవడానికి వచ్చానని సగం మంది తలుపు దగ్గరికి వేసుకున్నారు. కానీ మిగిలినవాళ్ళు కాగితాన్ని దాచి పెట్టారు, అదీ చదివి మరీ! గనిలోకి దిగే మామ ఒకాయన, పసుపు మరకల పేజీ నా చేతికిస్తూ అడిగాడు. "గీ సేటు సంగతి ఏమైందిరా? జెండా ఇచ్చిన్రా, జైల్ల ఏసిన్రా? నాకు రెండు దిక్కుల కాగితమే వచ్చింది, కథ నడుమల ఆగింది. పక్కింటోని పుట్నాల పొట్లం అడిగితే గండ్ల ఇంకో కథ ఉన్నది." ఇంకొకామె, "మా వారం సంతల ఉల్లిగడ్డలాయన గిట్లనే ఉంటడు సూడు" అంది. మరొకాయన, రచయిత ఏ ఊరివాడని అడిగాడు. చైనా అంటే ఒప్పుకోలేదు. "ఏం చైనా? గీడి ముచ్చటే రాసిండు." సేటును ఆదర్శమూర్తిని చేసిన నా నోటుబుక్కు చంకలో బరువెక్కిపోయింది. ఉప్పు డబ్బాలోకి చూసి నవ్వుకునే తెలివి ఆ గుమ్మాల్లో అందరికీ ఉంది. ఎమ్మే చదివే నాకొక్కడికే లేకపోయింది. ఆ సాయంత్రం నోటుబుక్కులోని ఆ పేజీని చింపి, నలిపి, జేబులో పెట్టుకున్నాను (పారేస్తే ఎవరైనా చదువుతారని భయం, మా ఊరి చదువరుల మీద అప్పటికే నాకు గురి కుదిరింది).

ఆరు రోజుల్లో ఉప్పు కథ ఒక్క చివరి పేజీ తప్ప అంతా దొరికింది. సన్మాన సభ మొదలవుతుంది, వేదిక కింద ఒక సిపాయి భార్య చేతిలో గిన్నెతో నిలబడి ఉంటుంది, అక్కడికి ఆగిపోయింది. ఆ తరువాతి పేజీలో అవ్వ లెక్క ప్రకారం పావుకిలో శనగపప్పు ఉంది, దాన్ని కొన్నది మూడో లైను అక్క. ఆమె భర్త గనిలో పని, ఆమె బట్టలు కుడుతుంది, బేరంలో మాత్రం మా వంశాన్ని నాలుగు తరాలు వెనక్కి పంపగలదు. నేను ఇంటికి వెళ్ళి అడిగితే, ఇవ్వనూ లేదు, లేదననూ లేదు. "రేపు దుకాణానికొస్త తమ్మీ, గాడ మాట్లాడుకుందం" అంది.

వచ్చింది. సరుకులు తీసుకునే వేళ, ఐదారుగురు గిరాకీలు నిలబడి ఉండగా వచ్చింది. పేజీని మడిచి జాకెట్టులో పెట్టుకుని ఉంది.

"తమ్మీ, గీ కాగితం నీకు ఎంత గావాలె?"

"నా సదువంత దీని మీదనే ఉన్నదక్కా. రేపటి దాక అచ్చు జేపియ్యాలె." అప్పటికే నా బేరం మునిగిపోయింది. అవసరాన్ని బయట పెట్టడమంటే ఏమిటో తెలిసి కూడా ఎలా అన్నానో!

"సరే. పైసలద్దు నాకు. మీ కాంటా మీద ఒక బొత్తం ఉంటది. కాగితం పెట్టి గది ఒత్తితే సున్న అయితది, గప్పుడు సరుకు ఏస్తే సరుకు బరువే వస్తది. మా చుట్టాల దుకాణంల సూసిన. మీరేమొ కాగితం గూడ పప్పు ధరకే జోకుతున్రు. గిప్పటి సంది బొత్తం ఒత్తి జోకాలె. నాకొక్కదానికి గాదు, అందరికి. ఒత్తుత అను, కాగితం తీస్కో."

ఆ బొత్తం సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. కొత్త కాంటా తెచ్చిన రోజు బాపు దానికి పూజ చేసి, సరిగ్గా ఆ బొత్తం మీదే పసుపు పెట్టి, కుంకుమ బొట్టు దిద్దాడు. బొట్టు పెట్టిన చోట వేలు పెట్టి నొక్కుతారా ఎవరైనా! బాపు వైపు చూశాను. బాపు గల్లాపెట్టెలోకి చూస్తున్నాడు. గద్దె గుంట నా వైపు చూస్తోంది. "ఒత్తుతమక్కా" అనేశాను.

"నా కాంటా మీద నువ్వు మాటిచ్చినవారా?" అన్నాడు బాపు, గొంతు పెద్దగా లేకుండానే. ఐదారుగురూ ఆయన్నే చూస్తున్నారు, వాళ్ళల్లో పసుపు మరకల పేజీ మామ కూడా ఉన్నాడు. బాపు భుజం మీది తువ్వాలతో ఆ బొట్టును మెల్లగా తుడిచాడు. కాంటా మీద కాగితం పెట్టి, కళ్ళు సగం మూసుకుని, బొత్తం నొక్కాడు. సున్నా వచ్చింది. కట్టేసిన గేదె తాడు తెంచుకుని పోతుంటే చూసినట్టు, బాపు ఆ సున్నాను చూశాడు. ఆ తరువాత నా వైపు తిరిగి అడిగాడు. "గా చైనా సేటు ఎంత గలిపిండ్రా ఉప్పుల?"

"సగం బాపు."

"సగమా! సిగ్గు శరం లేనోడు. ఎవడన్న సగం గలుపుతడా? నేను కాగితమంత గదరా..."

అందరూ పకపకా నవ్వారు. బాపు కూడా, కొంచెం ఆలస్యంగా. అక్క పేజీ తీసి, నాకివ్వకముందు తనే నిలబడి బిగ్గరగా చదివింది. సిపాయి భార్య వేదిక ఎక్కి, సేటు ఉప్పును గిన్నెడు నీళ్ళలో కలిపి, మన సిపాయిల గెలుపు కోసం తలా ఒక గుక్క తాగమని కమిటీ పెద్దలను అడుగుతుంది. అధ్యక్షుడు తాగుతాడు, పళ్ళ కింద ఇసుక కరకరలాడుతుంది, మింగేసి, ఉప్పు బాగుందంటాడు. ఆయన బాగుందన్నాక మిగిలినవాళ్ళు బాగులేదని ఎలా అంటారు? గిన్నె చేతులు మారుతుంది, అందరూ నములుతారు, అందరూ మెచ్చుకుంటారు. చివరికి సేటు కూడా తాగి, కరకరలాడించి, నిజంగానే బాగుందని దండం పెడతాడు. జెండా ఇచ్చేస్తారు. ఆమె ఖాళీ గిన్నె పట్టుకుని ఇంటికి పోతుంది. మర్నాడు పొద్దున మళ్ళీ అదే దుకాణం ముందు వరుసలో నిలబడుతుంది, ఊళ్ళో ఇంకో ఉప్పు దుకాణం లేదు కాబట్టి.

దుకాణంలో నవ్వు ఆగింది. అక్క కాగితం నా చేతిలో పెట్టి అంది. "నీళ్ళు తాగిన కాడిదాక నవ్వొచ్చింది తమ్మీ. మళ్ళ గా దుకాణానికే పోయింది సూడు, గాడ నవ్వు రాలే. నేను గూడ అందరిని తిట్టుకుంట, మళ్ళ గీడికే వస్త. నాకు మాత్రం ఇంకేడున్నది?"

వైవా రోజున బయటి నుంచి వచ్చింది ఒక మేడం. కుర్చీలో కూర్చుంటూనే, ఈ కథలను విద్యార్థిగా ఉన్నప్పుడు చదివానని, మళ్ళీ ఎక్కడా దొరకలేదని సంతోషంగా చెప్పింది. గట్టిగా మాట్లాడి గెలుద్దామన్న నా పాత లెక్క అక్కడికక్కడే చచ్చింది. మూలగ్రంథం చూపించమంటే, ఫైలులో కుట్టి పెట్టిన పేజీలు ముందు పెట్టాను. పసుపు మరకలు, నూనె చుక్కలు, ఒక దానికి జీలకర్ర వాసన. మేడం ఆరో పేజీ తిప్పగానే వరుసగా నాలుగు తుమ్ములు తుమ్మింది (కారం పొట్లం అది, ఎంత దులిపినా పోలేదు). కళ్ళు తుడుచుకుని అడిగింది. "ఈ కథలో వ్యంగ్యం ఎక్కడ ఆగింది, వాస్తవం ఎక్కడ మొదలైంది?" నేను మూడు పేజీల నిర్వచనాలు బట్టీ పట్టి వచ్చాను. అవన్నీ వదిలేసి, మూడో లైను అక్క అన్న మాటే, దుకాణంలో ఎలా వినబడిందో అలాగే చెప్పేశాను, ఎవరన్నారో కూడా చెప్పాను. మేడం చివరి పేజీకి తిప్పి, దాన్ని మళ్ళీ చదివింది. "ఆమె ఏం చదువుకున్నారు?" అని అడిగింది. "శనగపప్పు పొట్లం, మేడం" అన్నాను.

పాసయ్యాను. సెకండు క్లాసు. రెండేళ్ళు కాలేజీల చుట్టూ తిరిగి, ఒక చోట ఆర్నెల్లు పాఠాలు కూడా చెప్పి, తరువాత బాపుకు మోకాళ్ళు పనిచెయ్యకపోతే ఎవరూ రమ్మనకుండానే దుకాణానికి వచ్చాను. గుంట సరిగ్గా నా కొలతకే ఉంది, హాయిగానే ఉంది. అప్పుడు దాన్ని తప్పించుకోవడానికి అంత పరుగెత్తిన ఆ బక్కపలచటి కుర్రవాణ్ణి తలుచుకుంటే, పిలిచి ఒక చాయ్ తాగించాలనిపిస్తుంది. ఇక లెక్క. బొత్తం నొక్కడం మొదలుపెట్టాక మా దుకాణానికి గిరాకీ పెరిగిందని రాస్తే చదవడానికి బాగుంటుంది గాని, పెరగలేదు. ఎప్పుడూ వచ్చేవాళ్ళే వచ్చారు, కాంటా వైపు చూడడం మానేశారు, అంతే. నాకు వచ్చింది ఒక పాసు సర్టిఫికెట్టు, ఒక కథ, ఆ కథ చివరి పేజీ. పోయింది మాత్రం పోతూనే ఉంది: రోజూ కట్టే పొట్లాల కాగితం బరువు కూడితే ఏడాదికి ఒక బస్తా పప్పుకు తక్కువ ఉండదు, తరాజులో వేసి చూసే చెబుతున్నాను. ఒక్క పేజీకి ఇది చాలా ఎక్కువ ధర. ఇప్పుడు ఎవరైనా అదే పేజీని, అదే ధరకు, మళ్ళీ అమ్మకానికి తెస్తే, ముందు మొహం తిప్పుకుంటాను, కాగితం పాతదంటాను, ఒక ఐదు కిలోలు తగ్గించమని పావుగంట గీసులాడతాను. తగ్గించకపోయినా కొంటాను.